నీళ్లు దాటిన పిల్ల

ప్రతి ఏటా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు సంభావ్యత పాఠం మొదలుపెట్టే రోజున నేను ఒక మనిషిని ఉతికి ఆరేస్తాను. ఆయన పేరు చెప్పను. ఊరు చెప్పను. "ఒక పెద్దాయన ఉన్నాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకొని భూమిలో నీళ్లు యాడున్నాయో చూస్తాడు" అని మొదలుపెడతాను. అనంతపురంలో ఏ కాలేజీలో ఈ మాట అన్నా క్లాసులో సగం మంది నవ్వుతారు. మిగతా వాళ్లు నవ్వరు. వాళ్ల పొలంలో ఈ మధ్యనే ఎవరో టెంకాయ పట్టుకొని నడిచి ఉంటారు.

మామూలుగా టీచర్లు పాఠం కోసం ఉదాహరణ వెతుక్కుంటారు. నేను ఈ ఉదాహరణ కోసమే ఈ సబ్జెక్టు చదివాను. నా తోటి లెక్చరర్లు "మేడం, ఆయన మీద మీకు ఏదో ఉన్నట్టుంది" అని నవ్వుతారు. ఉంది. బాగా ఉంది. ఆయన బతికుండగానే తీరాలని ఉంది.

నాకు కావలసింది డబ్బు కాదు, దండం కాదు. ఒక్క మాట. నా చిన్నప్పుడు మా ఊరి వాళ్ల ముందు ఆయన నా మీద ఒక నింద వేశాడు. అదే ఊరి వాళ్ల ముందు, అదే నోటితో, "ఆ పాప వల్ల కాదు" అనాలి. అంతకంటే ఏమీ అడగడం లేదు, అంతకంటే తక్కువకు ఒప్పుకునేదీ లేదు.

మాది యాడికి అనే ఊరికి దగ్గర పల్లె. వాన పడితే శనక్కాయ పండుతుంది, పడకపోతే శనక్కాయ వేసి ఆకాశం చూస్తూ కూర్చుంటాం. నాయన బోర్లు వేయించడం నేను బడికి పోకముందే మొదలైంది. ప్రతి బోరుకూ ఈ టెంకాయ పెద్దాయనే వచ్చేవాడు. తెల్ల పంచె, మెడలో ఎర్ర తువ్వాలు, చెప్పులు గట్టు మీద విడిచి, పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి పొలమంతా నడిచేవాడు. ఏదో ఒకచోట ఆ టెంకాయ మెల్లగా లేచి నిలబడేది. మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్లం. చూడటానికి బాగుండేది, అది మాత్రం ఒప్పుకోవాలి.

మొదటి బోరు పోయింది. రెండోది పోయింది. "ఏమప్పా, ఇట్లయితాంది?" అని నాయన అడిగితే, పెద్దాయన తువ్వాలు దులిపి, "రెండు పోయినాయి గదా, ఇంగ మూడోది పడాల్సిందే. ఎన్నిసార్లని పోతాది?" అన్నాడు. ఈ మాట నాయనకు మందులా పనిచేసింది. మూడోది కూడా పోయాక అదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. బోరు పోయినకొద్దీ తరవాతి బోరు మీద నాయనకు నమ్మకం పెరిగేది. జీవాలు అమ్మేశాం. పాలిచ్చే ఎనుము పోయింది. నమ్మకం మాత్రం దినదినం బలిసింది.

పెద్దాయనకు ఒక కట్టుబాటు ఉండేది. టెంకాయ నిలబడిన చోట రాయి పాతి, చుట్టూ సున్నం పోసి, పసుపు కుంకుమ పెట్టించేవాడు. బోరు లారీ వచ్చి పని ముగించుకొని వెళ్లేదాకా ఆ చోటును ఆడమనిషి దాటకూడదు. దాటితే గంగమ్మ పక్కకు తొలగిపోతుందట. ఎనుములు దాటొచ్చు, కుక్కలు దాటొచ్చు, తాగి తూలే మగవాళ్లు దాటొచ్చు. మా ప్రాంతంలో ఈ కట్టుబాటు అన్ని ఊళ్లలో లేదు. ఆయన నడిచిన ఊళ్లలోనే ఉంది.

నేను హైస్కూల్లో ఉన్నప్పటి మాట. నాలుగో బోరు వేస్తున్నారు. అమ్మ సంగటి, నంజుకోవడానికి ఊరుబిండి గంపలో పెట్టి, "నాయనకూ బోరు వాళ్లకూ ఇచ్చిరా పో" అని పంపింది. ఎండకు కాళ్లు కాలుతుంటే పొలానికి అడ్డంగా నడిచి వెళ్లాను. రాయిని దాటానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నెత్తిన గంప పెట్టుకొని నడిచే పిల్లకు కాళ్ల కింద ఏ రాయి ఉందో కనిపిస్తుందా? లారీ అప్పటికే అరుస్తోంది. బోరులోంచి తెల్ల దుమ్ము లేస్తోంది. దుమ్ము లేస్తే రాయి తగిలినట్టు, నీళ్లు లేనట్టు. సాయంత్రం దాకా దుమ్మే లేచింది. చూడటానికి వచ్చిన వాళ్ల తలలన్నీ తెల్లగా అయ్యాయి. నాయన మట్టిలో కూలబడ్డాడు.

ఊరంతా పెద్దాయన వైపు చూసింది. జీవితంలో మొదటిసారి ఆయన ముఖంలో భయం చూశాను. ఆ కళ్లు అటూ ఇటూ తిరిగి నా మీద ఆగాయి.

"ఈ పాప పొలానికి అడ్డం పడి వచ్చె గదా. రాయి దాటింది. నేను చూసినా" అన్నాడు.

అంతే. అందరి తలలూ ఇటు తిరిగాయి. అమ్మ నన్ను వెతుక్కుంటూ అప్పుడే వచ్చింది. ఆ మాట విని నా చెంప పగలగొట్టింది. అమ్మ అంతకుముందు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. నాయన ముఖం అటు తిప్పుకున్నాడు, అదే ఎక్కువ నొప్పి. పెద్దాయన టెంకాయను తువ్వాలలో చుట్టుకొని, భయం తీరిన ముఖంతో వెళ్లిపోయాడు. ఆ ముఖం నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

ఆ తరవాత ఊర్లో నా పేరు మారిపోయింది. నీళ్లు దాటిన పిల్ల. ఎవరి పొలానికి బోరు లారీ వచ్చినా, "ఆ పాపను ఇంట్లో ఉండమనండప్పా" అని మా ఇంటికి కబురు వచ్చేది. అమ్మ తలుపు దగ్గరకు వేసేది. ఊరి పిల్లలంతా లారీ చూడటానికి పరిగెత్తితే నేను ఇంట్లో కూర్చొని ఆ చప్పుడు వినేదాన్ని. దుమ్ము లేస్తే, నేను ఇంట్లోనే ఉన్నా సరే, "పొద్దున పాల కోసం ఆ పక్క పోయింది గదా" అనేవాళ్లు. నీళ్లు పడితే నన్ను ఎవరూ తలుచుకునేవాళ్లు కాదు. ఈ తిక్క లెక్క నాకు అప్పుడు అర్థం కాలేదు. కడుపు మాత్రం మండేది.

డిగ్రీకి అనంతపురం వచ్చాను. స్టాటిస్టిక్స్ తీసుకోవడానికి పెద్ద కారణం ఏమీ లేదు, ఆ గ్రూపులో సీట్లు మిగిలాయి. ఒక రోజు మా సారు బోర్డు దగ్గర నిలబడి నాణెం ఎగరేశారు. బొమ్మ. మళ్లీ బొమ్మ. మళ్లీ బొమ్మ. "ఇప్పుడు ఏం పడుతుంది?" అని అడిగారు. క్లాసంతా ఒక్క గొంతుతో "బొరుసు" అంది. నేనూ అన్నాను. సారు నవ్వి, "ముందు మూడుసార్లు బొమ్మ పడిందని నాణేనికి ఎవరు చెప్పారు? దానికేం తెలుసు? ఇప్పుడూ సగానికి సగమే. ఇలాంటివే స్వతంత్ర ఘటనలు. ఒకటి ఎలా జరిగిందో ఇంకొకదానికి పట్టదు" అన్నారు.

రెండు పోయాయి గదా, మూడోది పడాల్సిందే. ఆ గొంతు చెవిలో వినిపించింది. నాలుగో చోట భూమికి, మొదటి మూడు చోట్ల దుమ్ము లేచిందని ఎవరు చెప్పారు? దానికేం తెలుసు? చుట్టుపక్కల మూడు చోట్ల రాయే తగిలిందంటే, కింద రాతినేల అనుకొని ఆశ ఇంకా తగ్గించుకోవాలి గానీ పెంచుకోవడమేమిటి? మా నాయన చేత ఎనుమును అమ్మించిన మాట పచ్చి అబద్ధమని తెలుసుకోవడానికి ఒక నాణెం చాలింది. ఆ రోజు హాస్టల్లో అన్నం తినలేదు. ఏడుపు రాలేదు. పళ్లు నూరుకుంటూ పుస్తకం ముందు కూర్చున్నాను. నేను క్లాసులో ఫస్టు రావడం మా సారు పుణ్యమని అందరూ అనుకున్నారు. పుణ్యం కాదు, పగ.

సెలవులకు ఊరికి వెళ్లి ఒక పని చేశాను. ఊర్లో ఏ పొలంలో ఎన్ని బోర్లు వేశారో పొలం పొలం తిరిగి అడిగాను. పెద్దాయన ఎక్కడికి వెళ్లినా తను చూసిన బోర్లలో నీళ్లు పడినవి వరసగా చెప్పేవాడు. వినేవాళ్లు తలలు ఊపేవాళ్లు. పడనివి ఎవరు చెప్పాలి? భిన్నానికి కింద అంకె లేకుండా పైన అంకె ఒక్కటే చదువుతున్నాడు ఆయన. ఆ కింద అంకె కోసం నేను తిరిగాను. పనికిరాని బోరు గొట్టాల మీద రాళ్లు కప్పి ఉంటే ఆ రాళ్లు కూడా ఎత్తి చూశాను.

ఇంకో సంగతి బయటపడింది. వాన నీళ్లు పారే వంక పక్కన ఉన్న పొలాల్లో ఎవరు చూపించినా, ఎవరూ చూపించకపోయినా, సుమారుగా సగం బోర్లలో నీళ్లు పడ్డాయి. కరెంటు స్తంభానికి దగ్గరగా ఉందని ఏ టెంకాయా లేకుండా వేసుకున్నవాళ్లకూ అంతే. మెట్ట మీద మా పొలం లాంటి చోట్ల ఎవరు వేసినా దుమ్మే. అంటే వంక పక్కన ఉందా, మెట్ట మీద ఉందా అని అడిగితే చాలు, టెంకాయ గురించి అడిగే అవసరమే లేదు. షరతు మీద సంభావ్యత అని మేం చెప్పే పాఠం ఇదే. పెద్దాయన పేరంతా వంక పక్కన సంపాదించుకున్నది. మా మెట్ట మీద ఖర్చు పెట్టుకున్నాడు.

ఊర్లో టీ హోటలు ముందు నిలబడి ఇదంతా చెప్పాను. పూర్తిగా విన్నారు. ఒక పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టి, "నీకు ఆయన మింద కోపం ఉండాదిలేమ్మా, ఉంటాది" అన్నాడు. మిగతా వాళ్లు జాలిగా నవ్వారు. ఆ జాలికి నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే ఒకటి తెలుసుకున్నాను. పగ ఉన్నవాళ్లు నిజం చెబితే అందులో పగే వినిపిస్తుంది.

అందుకే లెక్చరర్ అయ్యాక క్లాసులో తీర్చుకోవడం మొదలుపెట్టాను. పిల్లలందర్నీ లేపి నిలబెడతాను. బొమ్మో బొరుసో ముందే చెప్పమంటాను, నాణెం ఎగరేస్తాను, తప్పు చెప్పినవాళ్లు కూర్చోవాలి. మళ్లీ ఎగరేస్తాను. ప్రతిసారీ సగం మంది కూర్చుంటారు. చివరికి ఒక్కడు మిగులుతాడు, అన్నిసార్లూ సరిగ్గా చెప్పినవాడు. "ఎలా చెప్పావురా?" అని అడుగుతాను. కొందరు సిగ్గుపడి "ఊరికే మేడం" అంటారు. కొందరు మాత్రం ఛాతీ విరుచుకొని, "ఏమో మేడం, లోపల తెలిసిపోయింది" అంటారు. "చూడండ్రా, ఈ రెండో రకం వాళ్లే పెద్దయ్యాక టెంకాయ పట్టుకుంటారు. వీడు మిగలకపోతే ఇంకొకడు మిగిలేవాడు. ఎవడో ఒకడు మిగలక తప్పదు" అంటాను. క్లాసు గొల్లుమంటుంది. నాకు ఆ పూట అన్నం రుచిగా ఉంటుంది.

అయినా ఆకలి తీరలేదు. క్లాసులో నవ్వినవాళ్లు ఎవరూ మా ఊరి వాళ్లు కాదు.

నాయన పోయాక మెట్ట పొలం అట్లాగే బీడు పడింది. తమ్ముడు వంక పక్కన కొంచెం నేల కొని చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టాడు. చాలా ఏళ్లు ఒక్క బోరు మీదే, డ్రిప్పు పైపులతో, చెట్టుచెట్టుకూ బిడ్డకు పాలు పట్టినట్టు పోసి పెంచాడు. పోయిన ఎండాకాలం ఆ బోరు ఎండిపోయింది. ఆకులు ముడుచుకున్నాయి, పిందెలు రాలాయి. ట్యాంకరు నీళ్లు తోలించాడు గానీ చెట్లకు అవి చాలలేదు. ఇంకో బోరు పడకపోతే చెట్లు కొట్టేసి కట్టెలకు అమ్ముకోవాలి. అప్పుడు వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు బోరు వేయిస్తాండా. పెద్దాయన వస్తాడు చూసేకి" అన్నాడు.

"ఏ పెద్దాయన?" అన్నాను, తెలిసి కూడా.

"ఆయనే. ఇంగెవురుండారు? పుట్టపర్తిలో లాడ్జీల వాళ్లు కూడా కారు పంపించి పిల్చుకోని పోతాండారంట." గొంతు తగ్గించాడు. "అక్కా, ఏమనుకోవద్దు. ఆ పొద్దు నువ్వు రాకుంటే మేలు. నేను నమ్మను గానీ, చెట్లక్కా. చెట్ల కోసరం."

నా చేతుల్లో పెరిగిన తమ్ముడు. వాడికి లెక్కలు చెప్పింది నేను. ఫోన్ పెట్టేసి, మరుసటి రోజుకు సెలవు చీటీ రాసి, పొద్దున్నే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి పెద్దాయన తోటలో ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నడుము వంగింది, తువ్వాలు మాత్రం అదే ఎరుపు. అమ్మ గట్టు మీద గొడుగు వేసుకొని కూర్చొని ఉంది. మా మరదలు టీ ఇస్తోంది. ఊరి వాళ్లు చాలామంది వచ్చారు.

"ఏమ్మా, బాగుండావా? లెక్చరర్ అయినావంట" అన్నాడు పెద్దాయన. నింద వేసిన సంగతి ఆయనకు గుర్తుందో లేదో కూడా తెలియలేదు. అది ఇంకా మండించింది.

"ఒక పరీక్ష పెడతాను, ఒప్పుకుంటావా?" అన్నాను. కళ్లకు తువ్వాలు కట్టుకొని తోటంతా నడవాలి. టెంకాయ నిలబడిన చోట గుర్తు పెడతాం. మళ్లీ మొదటి నుంచి నడిపిస్తాం. మళ్లీ గుర్తు పెడతాం. నీళ్లు నిజంగా తెలిస్తే ప్రతిసారీ అదే చోట నిలబడాలి.

ఒప్పుకోడు అనుకున్నాను. నవ్వుతూ ఒప్పుకున్నాడు. తమ్ముడు చెయ్యి పట్టుకొని నడిపించాడు. టెంకాయ తూర్పు గట్టు దగ్గర నిలబడింది. రెండోసారి పాత షెడ్డు పక్కన. మూడోసారి తోటకు ఆ చివర. ఒకచోటి నుంచి ఇంకోచోటికి కేకేస్తే గానీ వినపడనంత దూరం. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన ఘడియ ఇదే. "చూశారా? చూశారా అందరూ?" అని అరిచాను. నా గొంతు నాకే కీచుగా వినపడింది.

పెద్దాయన కళ్లకు కట్టిన తువ్వాలు విప్పి నెమ్మదిగా ముఖం తుడుచుకున్నాడు.

"కింద నీళ్లు పారతాంటాయి గదమ్మా. ఒకచోటనే కూసుంటాయా?" అన్నాడు.

అందరూ తల ఊపారు. తమ్ముడు కూడా. ఎన్నో రాత్రులు ఆలోచించి కట్టిన పరీక్షను ఆయన ఒక్క మాటతో తువ్వాలు దులిపినట్టు దులిపేశాడు. పైగా మొదటి గుర్తే ఖాయం చేసి, రాయి పాతించి, సున్నం పోయించాడు. తమ్ముడితో, "అక్కను గట్టు అవతల ఉండమను. తరవాత నన్ను అడిగితే లాభం ల్యా" అన్నాడు.

తమ్ముడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాడి వెనక చీనీ చెట్లు ఆకులు ముడుచుకొని ఉన్నాయి. నేను గట్టు అవతలికి వెళ్లాను.

మధ్యాహ్నం లారీ వచ్చింది. టెంకాయ కొట్టారు, కర్పూరం వెలిగించారు, యంత్రం అరవడం మొదలుపెట్టింది. కాసేపటికి తెల్ల దుమ్ము లేచింది. ఆ దుమ్ము చూసి నాకు సంతోషం కలిగింది. అబద్ధం ఎందుకు, కలిగింది. లేవనీ, ఇంకా లేవనీ, ఈసారి నేను గట్టు అవతలే ఉన్నాను, ఇప్పుడు ఎవరి మీద వేస్తాడో చూస్తాను అనుకున్నాను. దుమ్ము మధ్యలో తమ్ముడు తలపట్టుకొని నిలబడి ఉన్నాడు. వాడిని చూశాక కూడా నా కోరిక మారడానికి కొంచెం సేపు పట్టింది.

తరవాత దుమ్ము రంగు మారింది. తడి మట్టి చిమ్మింది. "తేమ వస్తాంది" అని ఎవరో అరిచారు. కాసేపటికి బురద నీళ్లు మనిషెత్తున లేచి అందరి మీద పడ్డాయి. రెండించుల నీళ్లని బోరు వాళ్లు చెప్పారు. మా వైపు రెండించులంటే తోట బతికినట్టే. తమ్ముడు ఆ బురదలోనే కూర్చొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మరదలు నీళ్లకు దండం పెట్టింది. వంక పక్కన సగానికి సగం పడతాయని ఎప్పుడో చెప్పిందాన్ని నేనే. ఆ సగమే ఇది. ఎవరికి చెప్పాలి?

పెద్దాయన తడిసిన తువ్వాలు పిండుకుంటూ అందరూ వినేటట్టు అన్నాడు. "చూసినారా? ఆయమ్మ ఈసారి దాటలేదు. అందుకే పడినాయి. నేను ఆ పొద్దు చెప్పింది ఇదే గదా."

ఊరంతా నా వైపు చూసింది. చిన్నప్పటిలాగే. ఆయనకు నీళ్లు కూడా దొరికాయి, సాక్ష్యం కూడా దొరికింది. నా మీద నింద మళ్లీ కొత్తగా, తడిగా, పది మంది ముందు నిలబడింది.

నేను అప్పుడు ఏం ఆలోచించానో సరిగ్గా చెప్పగలను, ఎందుకంటే అది పాఠంలో ఉన్నదే. "పడొచ్చు" అన్నవాణ్ణి ఒక బోరుతో తప్పని నిరూపించలేం. వాడికి ఎప్పుడూ ఇంకో అవకాశం మిగులుతుంది. కానీ ఈయన అట్లా అనలేదు. ఆడమనిషి దాటితే నీళ్లు పోతాయి అన్నాడు. తప్పకుండా పోతాయి అన్నాడు. తప్పకుండా అన్నవాడికి ఒక్కసారి పోకుండా ఉంటే చాలు. లెక్కలే అక్కర్లేదు.

చెప్పులు విడిచి గట్టు దిగాను. తమ్ముడు లేచి, "వద్దక్కా, అక్కా, నీకు దండం పెడతా" అన్నాడు. ఆగలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని, నీళ్లు చిమ్ముతున్న బోరు గొట్టాన్ని ఇటు నుంచి అటు దాటాను. చల్లటి బురద మోకాళ్ల దాకా కొట్టింది. వెనక్కి తిరిగి అటు నుంచి ఇటు దాటాను. నీళ్లు అట్లాగే వస్తున్నాయి. బోరు వాళ్లలో ఒకతను నవ్వాడు.

"చెప్పు. పోయాయా?" అన్నాను పెద్దాయన ముఖంలోకి చూస్తూ.

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ కళ్లలో పాత భయం మళ్లీ కనిపించింది. నా కడుపు చల్లబడింది. కానీ ఆయన ఊరికే ముసలివాడు కాలేదు.

"ఇప్పుడే పోతాయా? మళ్లా ఎండలు రానీ. అప్పుడు తెలుస్తాది, ఎవురు దాటినారో, ఏమయిందో" అన్నాడు.

మా వైపు ఏ బోరైనా ఎప్పుడో ఒక ఎండాకాలం ఎండుతుంది. ఎండకుండా ఉండే బోరే అరుదు. రేపు ఇది ఎండిన రోజున ఎవరూ వానల గురించి మాట్లాడరు, నా కాలి గురించి మాట్లాడతారు. అంత చదివి నేనే నా మెడకు ఉచ్చు బిగించుకున్నాను. తమ్ముడి ముఖం తెల్లబోయింది. మరదలు నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. నేను ఆ ముసలివాడి కొడవలి ముక్కును చూస్తూ, నువ్వు ఎప్పటికీ బాగుపడకూడదు అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

అప్పుడు గట్టు మీద గొడుగు కింద పడింది. అమ్మ లేచింది. మోకాళ్ల నొప్పులతో ఇంట్లో గుమ్మం దాటడానికే గోడ పట్టుకునే మనిషి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గట్టు దిగి, చీర చెంగు నడుములో దోపి, బురదలోకి వచ్చింది. తమ్ముడు పట్టుకోబోతే తోసేసింది. నీళ్లు చిమ్ముతున్న గొట్టం మీదుగా ఒక కాలు వేసింది. జారింది. నా భుజం పట్టుకొని రెండో కాలు వేసింది. మొత్తం తడిసిపోయింది. మరదలి వైపు తిరిగి, "నువ్వూ రా మే" అంది. మరదలు తమ్ముడి వైపు ఒకసారి చూసి, చీర ఎత్తుకొని వచ్చి దాటింది. ఆమె వెనక టీ గ్లాసులు కడుగుతున్న పక్కింటావిడ, ఎందుకో నవ్వుకుంటూ, తనూ దాటింది.

అమ్మ పెద్దాయన వైపు తిరిగింది.

"ఏమన్నా, ఇందరం దాటినాము. ఎండలకు ఎండితే ఎవురి కాలు అని చెప్తావు? ఇప్పుడే చెప్పి పో."

పెద్దాయన టెంకాయ తువ్వాలలో చుట్టుకొని, తనను తీసుకొచ్చిన మనవడి బండి వైపు నడిచాడు. నేను ఇన్నేళ్లు అడిగిన మాట ఆయన నోట్లోంచి రాలేదు. ఇక రాదని కూడా అప్పుడే తెలిసిపోయింది.

అమ్మ ఆయన వీపు చూస్తూనే ఉంది. తడిసిన చేతిని నా చెంప మీద పెట్టింది, అప్పుడు కొట్టిన చెంప మీదే. ఊరి వాళ్లందరికీ వినపడేటట్టు, పొలంలో కూలోళ్లను పిలిచే గొంతుతో అంది.

"ఆ పొద్దు నా బిడ్డ దాటిందని కాదు నీళ్లు పడనిది. ఆడ నీళ్లు ల్యాకుండె. అంతే."